శుక్రవారం పూట బోర్లించని డ్రమ్ములు

గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతా ఉన్నాను. వెనక నుంచి ఎవరో, "అమ్మా, ఇంట్లో డ్రమ్ములు, బిందెలు అన్నీ ఖాళీ చేసి బోర్లించండి" అన్నారు.

తిరిగి చూస్తే ఒక పాప. మెడలో కార్డు, భుజాన సంచి, చేతిలో పొడుగు పిడి ఉన్న తెల్ల గరిటె. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చెప్పులు మాత్రం మెట్టు కిందనే విడిచి వచ్చింది. దానికి సంతోషపడాలో, అడిగిన మాటకు బాధపడాలో నాకు తెలియలేదు. శుక్రవారం పూట, దీపం వెలిగే ఇంటి ముందర నిలబడి నీళ్ళన్నీ పారబోయమనే మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. మా అమ్మ శుక్రవారం నాడు చెంబు అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళు కూడా పారబోయనిచ్చేది కాదు. తాగేసేయమనేది.

"ఈ పొద్దు శుక్రవారం కదమ్మా" అన్నాను.

"అందుకే వచ్చినానమ్మా" అనింది ఆ పాప.

మా వార్డుకు కొత్తగా వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరంట. నిలవ నీళ్ళల్లో దోమ గుడ్లు పెడుతుందంట. వారానికొకసారి, గవర్నమెంటు లెక్కన శుక్రవారం, ఆ నీళ్ళు పారబోసి, డ్రమ్ము గట్టిగా రుద్ది ఆరబెడితే గుడ్డు పురుగు కాదు, పురుగు దోమ కాదు, జ్వరాలు రావు. ఆ గరిటె నీళ్ళు ముంచి పురుగు ఉందేమో చూసేదానికంట. చెప్పేదంతా న్యాయంగానే ఉంది. మా వీధిలో కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. అందుకని ప్రతి ఇంటి ముందర ఒక పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటుంది. మూత ఉండేవి తక్కువ. కొన్నిళ్ళల్లో మూత అనేది పుట్టక ముందే డ్రమ్ము పుట్టినట్టుంటుంది.

ఆ పాప ఒక కాగితం ఇచ్చింది. నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించినాడు. ఆ పుణ్యాన ఏ కాగితం వచ్చినా మా వీధి ఆడవాళ్ళు నా తావకే వస్తారు. ఆ పొద్దు కూడా వచ్చినారు. నేను గట్టిగా చదివినాను: "శుక్రవారం మీ ఇంట నీటి పాత్రలన్నీ ఖాళీగా ఉండవలెను."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో శాపం పెట్టినట్టే అయింది.

మా ఎదురింటక్క పెద్దది. భర్త పోయినాక పూల అంగడి ఒంటి చేత్తో నడిపి, బిడ్డల్ని పెద్ద చేసిన మనిషి. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని అడిగింది:

"ఏమ్మే, మీ ఇంట్లో పారబోసే వచ్చినావా నువ్వు?"

ఆ పాప గరిటె ఒక చేతిలో నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "మా అత్త పారబోయనీలేదక్కా" అనింది.

అందరూ నవ్వినారు. ఆ పాప కూడా నవ్వింది. నవ్వు ముగియక ముందే కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి.

లోపలికి పిలిచినాను. మజ్జిగ ఇచ్చినాను. రవికె ముందర తడిసి ఉండింది, పైట లాక్కుని కప్పుకుంటా ఉంది. పసిబిడ్డ తల్లి అని అర్థమైంది. అడిగితే చెప్పింది. కొడుకంట. సీసా పాలు నోట పెట్టనీడంట. ఇంటికాడ అత్త చూసుకుంటుంది. ఎంత పని ఉన్నా మధ్యాహ్నం పోయి పాలిచ్చి వస్తాది.

"డ్రమ్ము బోర్లించినట్టు ప్రతి ఇంటి ముందర ఫోటో తీసి ఫోన్లో పంపాలమ్మా. రెండు వారాలుగా మీ వీధి నుంచి ఒక్కటీ పోలేదు. ముందరుండిన సారును అందుకే మార్చినారు. ఇంకోసారి పోకపోతే నన్ను తడకు వేస్తామని చెప్పినారు."

తడ అంటే తమిళనాడు సరిహద్దులో ఉండే ఊరు. పొద్దున పాలిచ్చి బస్సెక్కితే మళ్ళీ చీకటి పడినాకనే బిడ్డ ముఖం చూసేది. ఆ పాప ఏడవలేదు. మజ్జిగ గ్లాసు మాత్రం రెండు చేతులతో పట్టుకుంది.

"గురువారం మాపటేళ పారబోస్తాం. అప్పుడు తీసుకో ఫోటో" అన్నాను.

"వేరే రోజైతే ఫోను తీసుకోదమ్మా. శుక్రవారమే కావాల."

అప్పటికి ఎదురింటక్క కూడా లోపలికి వచ్చి గుమ్మం పక్కన కూచుంది. కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"ఫోటోలో డ్రమ్ము బోర్లించి ఉంటే సాలునా? ఎవరి డ్రమ్మైనా సరేనా?"

ఆ పాప మజ్జిగ గ్లాసు కింద పెట్టి, సంచిలో నుంచి ఫోను తీసింది. అదే జవాబు.

అక్క మిద్దె మీద ఒక నీలం డ్రమ్ము ఉండేది. స్వామికి మొక్కులు తీర్చుకునే పెరటాసి నెలలో నడిచి కొండెక్కే వాళ్ళకు ఆమె భర్త మజ్జిగ పోసేవాడు. ఆ డ్రమ్ము నీళ్ళకు కాదు. అడుగు నుంచి పక్కకు నెర్రె ఇచ్చి ఉండింది కాబట్టి బోర్లించి దాని మీద మజ్జిగ కుండ పెట్టేవాళ్ళు. కుండకు పీట మాదిరి. దేవుడి పనికి వాడేది కాబట్టి ఆయన దాని మీద పెద్దగా నామం కూడా వేసినాడు. తెల్ల గీతలు రెండు, నడుమ ఎర్ర గీత. డ్రమ్ము ఎప్పుడూ బోర్లించే ఉంటుంది కాబట్టి నామం కూడా బోర్లించిన డ్రమ్ముకే నిటారుగా ఉంటుంది.

దాన్ని కిందికి దించినాము. మా ఇంటి ముందర పెట్టి ఒక ఫోటో. దొర్లించుకుంటా పోయి పక్కింటి ముందర ఒక ఫోటో. ఆ చివరిదాకా అట్లనే. ఎవరి ఇంట్లోనూ చుక్క నీళ్ళు పారబోయలేదు. ఎవరి లక్ష్మీ బయటికి పోలేదు. ఆ పాప మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. ఆ సాయంత్రం దీపం దగ్గర కూచుని, ఇంత సులభంగా దారి చూపినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను.

మా ఆయనకు మాత్రం నచ్చలేదు. ఆయనది పూజా సామాన్ల అంగడి. అన్నం తింటా అన్నాడు:

"దోమకు ఫోటో చూపిస్తారా?"

"దోమకు కాదు, పై ఆఫీసరుకు" అన్నాను.

"కుట్టేది ఆఫీసరు కాదు కదా."

ఆయన పళ్ళెంలో ఇంకొంచెం అన్నం వడ్డించినాను. అయినా కొన్ని వారాలు అట్లనే జరిగింది. శుక్రవారం వస్తే డ్రమ్ము దొర్లే చప్పుడుతో వీధి నిద్ర లేచేది. అక్కకు ఆ పనిలో మంచి చెయ్యి తిరిగింది. "ఈ పక్కకు తిప్పితే నెర్రె కనపడదు, ఆ పక్కకు తిప్పితే కొత్త డ్రమ్ము మాదిరి ఉంటాది" అని ఆ పాపకు పాఠం చెప్పేది. రాళ్ళ మీద దొర్లి దొర్లి ఆ నెర్రె పెద్దదై, చివరికి ఒక శుక్రవారం ఆఖరి ఇంటి ముందర డ్రమ్ము రెండు చెక్కలైంది. నామం ఉన్న చెక్క అక్క తులసి కోట వెనక ఆనించుకుంది. రెండోది పాత సామాన్ల వాడికి పోయింది.

కొత్త డ్రమ్ము ఏదో చూసుకుందాంలే అనుకుంటా ఉండగా, మంగళవారం నాడు ఆ పాప పరుగెత్తుకుంటా వచ్చింది.

"అమ్మా, పెద్ద సారు ఫోటోలు చూసినారు."

గభాల్న లేచి నిలబడినాను. "కనిపెట్టినారా?"

"లేదమ్మా! మెచ్చుకున్నారు!"

ఆ సారు హెల్తు ఆఫీసరు. చిత్తూరు పక్క మనిషి. ఫోటోలు ఒక్కొక్కటే చూసి కళ్ళకద్దుకున్నాడంట. ఎన్ని వీధులు చూసినాను, డ్రమ్ము డ్రమ్ముకూ నామం వేసుకున్న వీధి ఇంకోటి లేదు, ఇంత భక్తి, ఇంత శుభ్రం, దీన్ని ఆదర్శ వీధిగా పైకి పంపిస్తాను, శుక్రవారం నేనే స్వయంగా వచ్చి చూస్తాను అన్నాడంట.

"ఆయనొచ్చి చూస్తే ఒక్క డ్రమ్ముకూ నామం ఉండదు కదమ్మా. అబద్ధం ఫోటోలు పంపినానని ఆ రోజే తడకు రాస్తారు." ఆ పాప మెట్టు మీద కూలబడింది. "పిల్లోడికి ఇప్పుడిప్పుడే పళ్ళొస్తా ఉండాయి. రాత్రుళ్ళు నిద్ర కూడా పోడు."

అక్క చీర కొంగు దోపుకుంది. "ఉండకపోతే ఏస్తాం! నామం ఎయ్యడం తెలియని ఇల్లు ఏదన్నా ఉండాదా ఈ ఊర్లో?"

గురువారం మాపటేళ మా ఆయన అంగడిలో నుంచి నామంసుద్ద, ఎర్ర చూర్ణం తెచ్చినాడు. గొణుక్కుంటానే తెచ్చినాడు. ఇంగ వీధి వీధంతా పనిలో దిగింది. కానీ మురికి డ్రమ్ము మీద నామం ఎట్ల వేస్తాం? శుక్రవారం పూజకు గురువారమే ఇత్తడి సామాన్లు తోముకుంటాము కదా. అదే లెక్కన డ్రమ్ములు కూడా తోమడం మొదలైంది. నీళ్ళు పారబోసి, లోపల పీచుతో రుద్ది, పాచి గీకి, చింతపండు పులుసు కూడా పట్టించినవాళ్ళు ఉన్నారు. అది ప్లాస్టిక్కు, ఇత్తడి కాదు అంటే వింటేగా! ఆ మాపటేళే కొళాయి నీళ్ళు వచ్చినాయి. శుక్రవారానికి నిండుగా ఉండాలని అందరూ కొత్త నీళ్ళు పట్టుకున్నారు. స్వామి నామం ఉండే దాన్ని తెరిచి పెట్టకూడదని కొందరు మూతికి కొత్త పంచె కట్టినారు, కొందరు తాంబూలం పళ్ళెం మూసినారు. ఆ తరువాత, నిండి నిలబడిన డ్రమ్ముల మీద, పైనుంచి కిందికి, చక్కగా నామాలు వేసినాము.

ఎంత బాగుండిందో! పొద్దు గూకేటప్పుడు ఆ వరస చూస్తే ఉత్సవం బయల్దేరినట్టుంది. నాకు కళ్ళు చెమర్చినాయి.

శుక్రవారం పొద్దున సారు జీపు దిగినాడు. ఇన్‌స్పెక్టరు పాప ఆయన వెనక, గరిటె పట్టుకుని. సారు మొదట మా ఇంటి డ్రమ్ము ముందర నిలబడి దండం పెట్టినాడు. తరువాత, "ఏమ్మా, నీళ్ళు నిండుగా ఉండాయే. బోర్లించలేదా?" అన్నాడు.

"ఇదిగో సార్" అంటా నేను ఒక పక్క, అక్క ఒక పక్క పట్టుకున్నాము. ఆ పాప కోసం, ఆ ఒక్క రోజుకు, శుక్రవారం నీళ్ళు పారబోసే పాపం కూడా మోద్దామని ముందే అనుకుని ఉన్నాము. స్వామితో ఆ మాట చెప్పుకున్నాను కూడా. వంచబోయినాము. సగం వంగింది. నా కళ్ళు నామం మీద పడినాయి. అక్క కళ్ళు కూడా అక్కడే పడినాయి.

బోర్లిస్తే నామం తలకిందులవుతుంది.

ఇద్దరం డ్రమ్మును మళ్ళీ మెల్లగా నిలబెట్టినాము. పక్కింట్లో వాళ్ళు వంచబోయి వాళ్ళూ నిలబెట్టినారు. ఆ పక్కింట్లోనూ అంతే. వీధి చివరిదాకా డ్రమ్ములు ఒకదాని తరువాత ఒకటి వంగినాయి, లేచినాయి, సారుకు దండం పెట్టినట్టు.

"ఏమైంది?" అన్నాడు సారు.

"మీరే వంచండి సార్" అనింది అక్క.

సారు చేతులు చాపినాడు. నామం చూసినాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు. డ్రైవరును పిలిచి, "నువ్వు వంచప్పా" అన్నాడు. డ్రైవరు, "నేను మాల వేసుకోవాల్సిన మనిషిని సార్, నావల్ల కాదు" అన్నాడు.

సారు ఆ పాప చేతిలో గరిటె తీసుకున్నాడు. డ్రమ్ము డ్రమ్ములో ముంచి, వెలుగులో పట్టి చూసినాడు. ఒక్క పురుగు లేదు. నిన్న మాపటేళ పట్టిన నీళ్ళు కదా, అద్దం మాదిరి ఉన్నాయి. ఇన్నిళ్ళల్లో ఒక్క పురుగు కూడా లేని వీధి ఆయన ఎప్పుడూ చూడలేదంట. సంతోషించాల్సిన మనిషి తల పట్టుకున్నాడు.

"పురుగు లేదని రాయడానికి ఫోన్లో చోటు లేదమ్మా. బోర్లించిన డ్రమ్మే కావాల. మధ్యాహ్నం లోపల పోవాల. పైన వాళ్ళు ఎదురు చూస్తా ఉండారు." ఆ పాప వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "ఇదంతా ముందే చూసుకోవద్దా నువ్వు? ఫోటోలు పోకపోతే నేనేం చెప్పాల? నీ తడ కాగితం బల్ల మీదనే ఉండాది."

ఆ పాప తల వంచుకుంది. పైట సర్దుకుంది. నేను లోపల లోపల గోవిందా గోవిందా అనుకుంటా నిలబడినాను. ఇంగ ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

"నామం లేని డ్రమ్ము ఒకటన్నా లేదా ఈ వీధిలో?" అన్నాడు సారు.

లేదు. మేము అంత బాగా పని చేసినాము.

సారు కాసేపు ఆలోచించి డ్రైవరు చెవిలో ఏదో చెప్పినాడు. జీపు పోయింది. మేము సారుకు కుర్చీ వేసినాము. కాఫీ ఇచ్చినాము. కాఫీ అయిపోయేలోపల జీపు తిరిగొచ్చింది. వెనక ఒక ఆకుపచ్చ డ్రమ్ము. సారు ఇంటిదంట. డ్రైవరు తొందరలో నీళ్ళు పూర్తిగా పారబోయకుండానే ఎక్కించుకొచ్చినాడు. మా వాకిట్లో బోర్లిస్తే అడుగు నీళ్ళు బండ మీద పారినాయి. ఆ నీళ్ళల్లో ఏవో సన్నగా గిలగిల కొట్టుకున్నాయి. మేమందరం చూసినాము. సారు కూడా చూసి, ఒక అడుగు ముందుకేసి సరిగ్గా ఆ తడి మీద బూటు పెట్టి నిలబడినాడు. 

మా ఇంటి ముందర ఫోటో తీసినారు. పక్కింటికి దొర్లించినారు. అక్కడ కూడా తీసినారు. డ్రైవరుకు దొర్లించడం రాలేదు, తడబడతా ఉన్నాడు. చూడలేక అక్క ముందుకొచ్చింది.

"అట్ల కాదప్పా. ఈ పక్కకు తిప్పితే వేరే డ్రమ్ము మాదిరి ఉంటాది. మాకు అలవాటే కదా..."

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ పాప ముఖం తెల్లబారింది. సారు అక్కను చూసినాడు. తరువాత ఆ పాపను చూసినాడు. తరువాత తన డ్రమ్మును చూసుకున్నాడు. ఫోనులో వెనక్కి వెనక్కి జరుపుకుంటా పాత ఫోటోలు చూసినాడు. ప్రతి ఇంటి ముందరా అదే నామం.

అప్పుడే ఆయన ఫోను మోగింది. ఆయన ఎత్తినాడో లేదో, లోపలి నుంచి సారు భార్య మాట వీధికంతా వినపడింది.

"శుక్రవారం పూట ఎవరు పారబోయమన్నారు నా ఇంట్లో నీళ్ళు? బుద్ధుండాదా మీకు? దీపం కూడా ఆరలేదు!"

"అది కాదే... గవర్నమెంటు పని..."

"ఊరికంతా చెప్పుకోండి మీ గవర్నమెంటు పని! నా వాకిట్లో లక్ష్మిని మోసుకుపోయినారు!"

సారు పక్కకు తిరిగి చాలాసేపు "ఊఁ" కొట్టినాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. మూడో ఇంటి ముందర డ్రమ్ము పక్కన అక్క ఇంకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది. సారు ఆమె తావకు పోయినాడు.

"అయితే ఆ పక్కకు తిప్పండక్కా" అన్నాడు.

తిప్పింది. అక్కే చివరిదాకా తిప్పింది. మధ్యాహ్నం లోపల ఫోటోలన్నీ పోయినాయి. జీపెక్కే ముందర సారు ఆ పాపను పిలిచినాడు. మేమందరం చెవులు పెట్టి విన్నాము.

"గురువారం మాపటేళ వచ్చి గరిటె పెట్టి చూడు. అది నిజం పని. శుక్రవారం ఫోటో తీసుకో. అది ఫోను పని. ఆ తడ కాగితం నేను చూసుకుంటాలే. బిడ్డ ఉండాడంట కదా, ముందు ఇంటికి పో."

ఆ పాప సారుకు దండం పెట్టింది. చెప్పులు వేసుకోవడం మరిచి సగం వీధి నడిచిపోయింది. నేను వెనక నుంచి పిలిచి ఇచ్చినాను.

ఆ ఆకుపచ్చ డ్రమ్ము మాత్రం మా వీధిలోనే ఉండిపోయింది. శుక్రవారం బయటికి పోయిన డ్రమ్మును మళ్ళీ గడప దాటనివ్వనని సారు ఇంట్లో ఆమె చెప్పేసిందంట. దాని మీద నామం వేస్తామని ఎవరైనా అంటే అక్క ఊరుకోదు. ఎప్పుడూ మా మెట్టు పక్కన బోర్లించే ఉంటుంది. శుక్రవారం పూట తప్ప దానికి వేరే పని లేదు కాబట్టి మిగతా రోజుల్లో కూచోవడానికి బాగుంటుంది. గురువారం మాపటేళ వీధంతా డ్రమ్ములు తోముకుంటా ఉంటే, ఇన్‌స్పెక్టరు పాప గరిటె తిప్పి వచ్చి దాని మీద కూచుంటుంది. మా ఆయన ఇప్పుడు దోమ మాట ఎత్తడు. నామంసుద్ద మాత్రం అడగకుండానే తెస్తాడు. నేను మజ్జిగ కలిపి ఇస్తాను. పోయిన గురువారం బిడ్డను కూడా ఎత్తుకొచ్చింది. నాలుగు పళ్ళు వచ్చినాయి. ఆ గరిటె పిడి కొరకతా మా అందరినీ చూసి నవ్వినాడు. స్వామి దయ, ఆ గరిటెను అప్పటికే వేడినీళ్ళతో కడిగి పెట్టి ఉన్నాను.